ఒక్క ఆట చూసి చెప్పగలమా?

మీ బడి కబడ్డీ జట్టులో ఎప్పుడూ మొదట కూతకు వెళ్లే ఆటగాడికి కాలు బెణికిందనుకోండి. అతని బదులు, ఇన్నాళ్లూ గట్టున కూర్చుని చూస్తున్న కుర్రవాణ్ణి బరిలోకి దించారు. అతను ఆ ఒక్క ఆటలోనే ఎనిమిది మందిని ఔట్ చేసి జట్టును గెలిపించాడు. రెండు వారాల తరువాత పాత ఆటగాడి కాలు నయమైంది. ఇప్పుడు ఎవరిని ఆడించాలి?

"గెలిపించినవాణ్ణి ఎలా తీసేస్తారు?" అంటారు కొందరు. "దెబ్బ తగలడం అతని తప్పా? అతని చోటు అతనికి ఇవ్వాలి" అంటారు మరికొందరు. బడి రెండుగా చీలిపోతుంది. మీరు ఏ పక్షం?

తొందరపడి జవాబు చెప్పకండి. సరిగ్గా ఇదే తగువు అమెరికాలో దాదాపు ఏటా వస్తుంది. అక్కడ కోట్ల డాలర్లు దీనిమీద ఆధారపడి ఉంటాయి. చూడడానికి ఇది ఆటల సంగతే. కాని లోపల ఉన్నది గణితం. చివరికి వచ్చేసరికి వైద్యం కూడా ఉంది.

చేత్తో ఆడే ఫుట్‌బాల్

ఫుట్‌బాల్ అనగానే మనకు గుండ్రని బంతి గుర్తుకు వస్తుంది. అమెరికా వారి ఫుట్‌బాల్ వేరు. బంతి కోలగా, రెండు కొసలు మొనదేలి ఉంటుంది. దాన్ని కాలితో తన్నడం తక్కువ. చేత్తో విసరడం, చంకలో అదిమి పట్టుకుని పరుగెత్తడం ఎక్కువ. మైదానం పొడవు 100 గజాలు. ఒక్కో జట్టులో 11 మంది. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు ఇస్తారు. వాటిలో 10 గజాలు ముందుకు సాగితే మళ్లీ నాలుగు అవకాశాలు వస్తాయి. సాగలేకపోతే బంతి ఎదుటి వారికి పోతుంది. బంతితో చివరి గీత దాటితే అది టచ్‌డౌన్. దానికి 6 పాయింట్లు.

దాదాపు ప్రతి అవకాశంలోనూ బంతి ముందుగా ఒక ఆటగాడి చేతికి చేరుతుంది. అతన్నే క్వార్టర్‌బ్యాక్ అంటారు. బంతిని ఎవరికి అందించాలి, ఎవరికి విసరాలి అన్నది అతను రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈలోగా ఎదుటి జట్టులోని బలాఢ్యులు అతన్ని పడగొట్టడానికి దూసుకువస్తూ ఉంటారు. జట్టులో ఇద్దరు ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లు ఉన్నా సాధారణంగా ఆడేది ఒక్కడే. మిగిలినవాళ్లు పక్కన నిలబడి వేచి ఉండాలి. కొందరికి ఏళ్ల తరబడి అవకాశమే రాదు.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఈ ఆటలో ఒక్కో జట్టుకు ఏడాదికి 16 ఆటలే ఉండేవి. 2021 నుంచి 17 అయ్యాయి. ఆ పైన గెలిచిన జట్లకు కొన్ని నాకౌట్ ఆటలు, చివరికి సూపర్ బౌల్ అనే తుది పోటీ. అంటే ఒక ఆటగాడి గొప్పతనాన్ని తూచడానికి దొరికే ఆటలు చాలా కొద్ది. మన కథకు ఇదే కీలకం.

199వ వాడు

2001 సెప్టెంబరు 23న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు, న్యూయార్క్ జెట్స్ జట్టుతో ఆడుతోంది. పేట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్‌సో. 1993లో అన్ని జట్లూ కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు అందరికంటే ముందు ఎంపికైనవాడు. అదే 2001లో అతనితో 10 ఏళ్లకు 10.3 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఆనాటి ఆటలో ఎదుటివాడు బలంగా ఢీకొనడంతో అతని ఛాతీలో రక్తనాళం తెగి, లోపల రక్తం చేరింది. అయినా అతను కాసేపు ఆడాడు. తరువాత ఆస్పత్రిలో చేర్చారు. ప్రాణాపాయం తప్పింది.

అతని బదులు దిగినవాడు టామ్ బ్రేడీ. 2000లో జరిగిన ఎంపికలో అతనిది 199వ స్థానం. మొదటి ఏడాది అతను విసిరిన బంతులు మొత్తం మూడే.

బ్రేడీ మొదటి నుంచి ఆడిన తొలి ఆటలో పేట్రియట్స్ 44-13 తో గెలిచారు. "చూశారా, కుర్రవాడి ప్రతిభ!" అనాలనిపిస్తుంది కదూ? కాని ఆ ఆటలో బ్రేడీ విసురు ఒక్కటి కూడా టచ్‌డౌన్ కాలేదు. రెండు టచ్‌డౌన్‌లను ఎదుటివారి బంతిని మధ్యలో లాక్కుని రక్షకులే సాధించారు. మరుసటి వారం మయామీ జట్టు చేతిలో 30-10 తో ఓడారు. ఒక గెలుపు, ఒక ఓటమి. ఈ రెండు ఆటలు చూసి ఇతను ఎంతటివాడో ఎవరైనా చెప్పగలరా?

నవంబరులో బ్లెడ్‌సో కోలుకున్నాడు. పది ఆటలు ముగిసేసరికి జట్టు 5 గెలిచి 5 ఓడింది. అయినా కోచ్ బిల్ బెలిచిక్, ఇకపై బ్రేడీయే ఆడతాడని తేల్చి చెప్పాడు. ఆ తరువాత జట్టు మిగిలిన ఆరు ఆటలూ గెలిచింది. నాకౌట్ ఆటల్లో ఒకదానిలో, 2002 జనవరి 27న, బ్రేడీ చీలమండకు దెబ్బ తగిలితే అతని బదులు దిగి ఆదుకున్నది ఎవరో తెలుసా? బ్లెడ్‌సోయే! ఫిబ్రవరి 3న జరిగిన సూపర్ బౌల్‌లో బ్రేడీ మళ్లీ ఆడాడు. జట్టు 20-17 తో గెలిచింది. కొన్ని వారాలకే బ్లెడ్‌సోను మరో జట్టుకు పంపేశారు. బ్రేడీ 2023లో ఆట విరమించేనాటికి ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు.

ఈ కథ విన్నవారందరికీ ఒకటే అనిపిస్తుంది: రిజర్వు ఆటగాడు మెరిస్తే వెంటనే అతన్నే నిలబెట్టాలి. మరి ఈ రెండో కథ కూడా వినండి.

ఒక్కరోజు మెరుపు

2012 జనవరి 1. గ్రీన్ బే పాకర్స్ జట్టు తన పెద్ద ఆటగాడు ఆరన్ రోడ్జర్స్‌కు ఆ రోజు విశ్రాంతి ఇచ్చి, మాట్ ఫ్లిన్ అనే రిజర్వు ఆటగాణ్ణి దించింది. అతను మొదటి నుంచి ఆడడం అది రెండోసారి మాత్రమే. ఆనాడు ఫ్లిన్ 44 సార్లు బంతి విసిరితే 31 తన వారికి అందాయి. మొత్తం 480 గజాలు, ఆరు టచ్‌డౌన్‌లు. 1919లో పుట్టిన ఆ జట్టు చరిత్రలో అప్పటివరకు ఒక్క ఆటలో అంత సాధించిన క్వార్టర్‌బ్యాక్ లేడు. డెట్రాయిట్ లయన్స్ జట్టు 45-41 తో ఓడింది.

రెండున్నర నెలలు తిరగకముందే సియాటిల్ సీహాక్స్ జట్టు అతన్ని పెద్ద మొత్తానికి తీసుకుంది. ఇక ఇతనే మా క్వార్టర్‌బ్యాక్ అనుకున్నారు ఆ ఊరి అభిమానులు. వేసవి సాధన మొదలైంది. అదే ఏడాది 75వ స్థానంలో ఎంపికైన రస్సెల్ విల్సన్ అనే కొత్త కుర్రవాడు రోజూ సాధనలో ఫ్లిన్‌ను మించిపోయాడు. కోచ్ విల్సన్‌నే నిలబెట్టాడు. సియాటిల్ తరఫున ఫ్లిన్ ఒక్క ఆట కూడా మొదటి నుంచి ఆడలేదు. విల్సన్‌తో ఆ జట్టు 2014 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది.

ఆ జనవరి 1న ఫ్లిన్ ఆడినది అబద్ధం కాదు. అతను నిజంగానే అంత బాగా ఆడాడు. కాని ఒక రోజు అంత బాగా ఆడడం వేరు, రోజూ అలా ఆడగలగడం వేరు. ఈ తేడాను మనం ఇంట్లోనే ప్రయోగం చేసి తెలుసుకోవచ్చు.

చింతపిక్కల క్వార్టర్‌బ్యాక్

పది చింతపిక్కలు తీసుకోండి. నాలుగింటికి సుద్దముక్కతో తెల్లగా గుర్తు పెట్టండి. పదింటినీ ఒక డబ్బాలో వేయండి. ఈ డబ్బాయే మన క్వార్టర్‌బ్యాక్. కళ్లు మూసుకుని ఒక పిక్క తీయండి. గుర్తు లేనిది వస్తే విసిరిన బంతి అందినట్లు. గుర్తున్నది వస్తే అందనట్లు. కాగితం మీద రాసుకుని, ఆ పిక్కను మళ్లీ డబ్బాలో వేసి బాగా కలపండి. ఇలా 30 సార్లు తీయండి. అది ఒక ఆట.

మన క్వార్టర్‌బ్యాక్ నైపుణ్యం మనకు ముందే తెలుసు: నూటికి 60. కాబట్టి 30లో 18 అందాలి. మీకు 18 వచ్చిందా? బహుశా రాదు. మళ్లీ చేయండి. ఒకసారి 15, ఒకసారి 21 వస్తుంది. 13 నుంచి 23 దాకా ఏది వచ్చినా ఆశ్చర్యం లేదు. ఈ ప్రయోగాన్ని 100 సార్లు చేస్తే దాదాపు 95 సార్లు ఈ హద్దుల్లోనే వస్తుంది. 13 వచ్చిన రోజున "వీణ్ణి తీసేయండి" అంటారు. 23 వచ్చిన రోజున "ఇతనే వీరుడు" అంటారు. డబ్బా మాత్రం అదే. పిక్కలూ అవే!

ఇప్పుడు మీ స్నేహితుణ్ణి కూడా ఇలాంటి డబ్బాతో ఆడమనండి. మీ ఇద్దరి డబ్బాలూ సమానమే. అయినా మూడింట ఒక వంతుకు పైగా ఆటల్లో మీ ఇద్దరికీ మధ్య నాలుగు గానీ అంతకు మించి గానీ తేడా కనిపిస్తుంది. ఆ తేడాలో నైపుణ్యం ఏమీ లేదు. అంతా యాదృచ్ఛికమే.

అదే 300 సార్లు తీస్తే? 180 అందాలి. ఈసారి 163 నుంచి 197 మధ్యలో రావడం దాదాపు ఖాయం. అంటే నూటికి 54 నుంచి 66. మొదటి ప్రయోగంలో హద్దులు నూటికి 43 నుంచి 77 దాకా ఉన్నాయని గమనించారా? పరిశీలనల సంఖ్య పెరిగేకొద్దీ హద్దులు దగ్గరపడి, అసలు నైపుణ్యం బయటపడుతుంది.

"అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలు అంటారు కదా మాస్టారూ?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఒకే కుండలో, ఒకే మంట మీద, ఒకే నీటిలో ఉడికిన మెతుకులన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందుకే ఒక్కటి పట్టి చూస్తే చాలు. ఆటగాడి ఆటలు అలా కావు. ఒకనాడు ఎదుటి జట్టు బలమైనది, ఒకనాడు బలహీనమైనది. ఒకనాడు వాన, ఒకనాడు గాలి. ఒకనాడు తోటివారు చక్కగా కాపాడతారు, ఒకనాడు వదిలేస్తారు. మెతుకులే వేరువేరుగా ఉన్నప్పుడు ఒక్క మెతుకుతో తేల్చడం కుదరదు.

గాల్టన్ కనిపెట్టిన చిత్రం

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రజ్ఞుడు 205 జంటల తల్లిదండ్రులనూ, పెద్దవారైన వారి 928 మంది పిల్లలనూ తీసుకుని వారి ఎత్తులను పోల్చి చూశాడు. 1886లో ఆ ఫలితాలు ప్రకటించాడు. బాగా పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు పొడుగువారే. కాని సగటున తల్లిదండ్రులంత కాదు. బాగా పొట్టివారి పిల్లలు పొట్టివారే. కాని సగటున అంత పొట్టి కాదు. రెండు కొసల నుంచీ సగటు వైపు మరలడం కనిపించింది.

ఎందుకిలా? కొసన ఉన్న ఫలితంలో సాధారణంగా రెండు పాళ్లు కలిసి ఉంటాయి. ఒకటి నిలిచి ఉండేది, ఇంకొకటి ఆ ఒక్కసారికి కలిసివచ్చినది. రెండోది మళ్లీ అంతే మోతాదులో కలిసిరావడం అరుదు. అందుకని తరువాతి ఫలితం సగటు వైపు జరుగుతుంది.

ఇప్పుడు మన తగువుకు వద్దాం. రిజర్వు ఆటగాడి పేరు అందరి నోటా ఎప్పుడు వినిపిస్తుంది? అతను అసాధారణంగా ఆడిన రోజున. పాత ఆటగాణ్ణి మార్చాలని ఎప్పుడు అరుస్తారు? అతను అధ్వాన్నంగా ఆడిన రోజున. అంటే మనం ఒకడి శిఖరాన్నీ, మరొకడి లోయనూ పక్కపక్కన పెట్టి పోలుస్తున్నాం! ఆ తరువాత ఇద్దరూ సగటు వైపు జరుగుతారు.

చిన్న లెక్క ఒకటి చూడండి. ఒక కొత్తవాడు 30 విసిరితే 24 అందాయనుకుందాం. అంటే నూటికి 80. ఈ 80ని పూర్తిగా నమ్మకుండా, అతని ఖాతాలో మామూలు ఆటగాడు విసిరే 100 బంతులు కలపండి. వాటిలో 60 అందాయనుకోండి. ఇప్పుడు 130లో 84, అంటే నూటికి సుమారు 65. రేపటి ఆట గురించి అంచనా వేయడానికి 80 కంటే ఈ 65 మేలైన సంఖ్య. ఎన్ని కలపాలన్నది ఆటను బట్టి మారుతుంది. కాని పద్ధతి ఇదే: కొద్దిగా చూసినదాన్ని కొద్దిగానే నమ్మాలి. కొత్తవాడు 300 విసిరి 240 అందించాడనుకోండి, అప్పుడు అదే వందను కలిపినా 75 వస్తుంది. ఎక్కువ చూస్తే ఎక్కువ నమ్మవచ్చు.

నిజం చెప్పినవాడి చోటు

మూడో కథ చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్. ఆ ఏడాది అతను 218 బంతులు విసిరితే 153 అందాయి. నూటికి 70. అక్టోబరు 29న ఒక ఆటలో 19కి 18 అందించాడు! మరుసటి ఆటలో, నవంబరు 11న, తలకు దెబ్బ తగిలింది. చూపు మసకబారింది. కాసేపు ఆడి, ఇక లాభం లేదని బయటికి వచ్చేశాడు. డాక్టర్లు దాన్ని కంకషన్ అన్నారు.

కంకషన్ అంటే ఏమిటి? మెదడు పుర్రె లోపల ద్రవంలో ఉంటుంది. తల గట్టిగా కుదిపినట్లయితే లోపల మెదడు కూడా కదిలిపోతుంది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది కాని లోపలి ఈ కుదుపును పూర్తిగా ఆపలేదు. రక్తం కారకపోవచ్చు, స్కాన్‌లో ఏమీ కనిపించకపోవచ్చు. తలనొప్పి, మసక చూపు, వాంతి, తడబాటు, మతిమరుపు దీని లక్షణాలు. ఇది మానకముందే మరో దెబ్బ తగిలితే ముప్పు ఇంకా ఎక్కువ. కాబట్టి ఆటగాడు నోరు తెరిచి చెప్పడమే అన్నిటికంటే ముఖ్యం.

స్మిత్ బదులు కాలిన్ కేపర్నిక్ దిగాడు. నవంబరు 19న షికాగో బేర్స్ జట్టును 32-7 తో చిత్తుచేశారు. స్మిత్ కోలుకున్నాక కూడా కోచ్ జిమ్ హార్బా కేపర్నిక్‌నే కొనసాగించాడు. జట్టు సూపర్ బౌల్ దాకా వెళ్లి, 2013 ఫిబ్రవరి 3న 34-31 తో ఓడింది. స్మిత్‌ను కాన్సాస్ సిటీ జట్టుకు పంపారు. అక్కడ అతను ఐదేళ్లు చక్కగా ఆడాడు.

కోచ్ నిర్ణయం తప్పా, ఒప్పా? స్మిత్‌తో ఆడి ఉంటే ఏమయ్యేదో చూడడానికి మరో ప్రపంచం లేదు కనుక, ఈ ప్రశ్నకు ప్రయోగం లేదు. కాని ఒక నష్టం మాత్రం స్కోరు బోర్డు మీద కనిపించదు. దెబ్బ తగిలి బయటికి వస్తే చోటు పోతుందని తెలిసిన ఆటగాడు, రేపు తల తిరుగుతున్నా చెబుతాడా? పక్కన నిలబడి చూస్తున్న మిగిలినవాళ్లు ఏం నేర్చుకుంటారు? ఒక్క ఆట గెలుపు కోసం నిజం చెప్పే అలవాటు పోగొట్టుకుంటే అది పెద్ద ధరే.

మరి కోచ్ ఏం చేయాలి?

వందల బంతులు చూసేదాకా ఆగమంటే ఏడాది గడిచిపోతుంది. తేల్చకపోవడం కూడా ఒక నిర్ణయమే. కాబట్టి కోచ్ కొద్ది సమాచారంతోనే తేల్చాలి. కాని అతనికి మనకంటే ఎక్కువ మెతుకులు కనిపిస్తాయి. బెలిచిక్ బ్రేడీని ఆటల్లోనే కాదు, రోజూ సాధనలోనూ చూశాడు. మొదటి ఏడాది నాలుగోవాడిగా ఉన్న బ్రేడీ, మరుసటి ఏడాది దెబ్బ సంగతి రాకముందే రెండోవాడయ్యాడు. సియాటిల్‌లో ఫ్లిన్, విల్సన్‌ల సంగతి తేలిందీ వేసవి సాధనలోనే. కాన్సాస్ సిటీలో 2017లో పాట్రిక్ మహోమ్స్ అనే కుర్రవాణ్ణి ఏడాదంతా స్మిత్ వెనుకే ఉంచి, చివరి ఆటలో మాత్రమే మొదటి నుంచి ఆడించారు. మరుసటి ఏడాది చోటు అతనికి ఇచ్చారు. ఆ ఏడాది మహోమ్స్ విసుర్లలో 50 టచ్‌డౌన్‌లయ్యాయి. స్మిత్ మళ్లీ జట్టు మారవలసి వచ్చింది. కాని ఈసారి ఒక దెబ్బ వల్లో, ఒక్క ఆట వల్లో కాదు.

ఇక మీ కబడ్డీ జట్టు సంగతి. ఇద్దరినీ నెల రోజులు సాధనలో కూతకు పంపండి. ఎన్నిసార్లు వెళ్లారు, ఎన్నిసార్లు పాయింటు తెచ్చారు, ఎదుట ఎవరున్నారు అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి. అప్పుడు వాదించండి. దెబ్బ తగిలినవాడికి మాత్రం ఒక మాట ముందే చెప్పండి: "నువ్వు పూర్తిగా నయమై వచ్చేదాకా నీ చోటు మీద తీర్పు ఉండదు."

ఈ లెక్క ఆటలకే కాదు. ఒక యూనిట్ పరీక్షలో మీకు మార్కులు తగ్గితే, పక్కవాడికి పెరిగితే, చింతపిక్కల డబ్బాను ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంట్లో అమ్మకూ నాన్నకూ కూడా ఆ ప్రయోగం చేసి చూపించండి. మీ మాస్టారు తొందరపడితే, ఆయనకు కూడా!